బడిని నిలబెట్టేది టీచర్లే
(వ్యవస్థాపక స్మారకోపన్యాసం)



ఈ బడిని మొదలుపెట్టిన మాస్టారి పేరిట ఏటా జరిగే ఉపన్యాసం ఇది. మాస్టారికి పొగడ్తలు గిట్టేవి కావు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "ముందు పిల్లల్ని చూద్దురుగాని, రండి" అంటూ తరగతి గదిలోకి తీసుకెళ్ళేవారు. అందుకే ఈ రోజు ఆయన తలకెత్తుకున్న పని గురించే మాట్లాడతాను. వైకల్యం ఉన్న పిల్లల కోసం, ఫీజు తీసుకోకుండా, దాతల సాయంతో బడి నడపాలంటే ఏం కావాలి? ఏది ఉంటే ఆ బడి నిలుస్తుంది? నేను కూడా అలాంటి చిన్న బడి ఒకటి నడుపుతున్నాను. ఆ పనిలో నాకు రూఢి అయిన సంగతి ముందే చెబుతాను. శిక్షణ పొంది, ఏళ్ళ తరబడి ఆ పిల్లలతోనే ఉండే టీచరు లేకపోతే ఎంత మంచి భవనం కట్టినా, ఎన్ని పూటలు భోజనం పెట్టినా అది బడి కాదు. మనం ఇచ్చే ప్రతి రూపాయీ అంతిమంగా ఆ టీచరును నిలబెట్టాలి.

తల్లులు తెరిచిన తలుపులు

మన దేశంలో ప్రత్యేక బడులు చాలావరకు ప్రభుత్వ ఉత్తర్వులతో పుట్టినవి కావు. 1887లో అమృతసర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ మహిళ చూపులేని పిల్లల కోసం బడి తెరిచారు. దేశంలో అంధుల బడులకు అదే నాంది. 1944లో బొంబాయిలో జై వకీల్ అనే తల్లి, మేధోవైకల్యం ఉన్న తన కూతురి కోసం ఒక బడి పెట్టారు. 1972లో అదే నగరంలో మిథు అలూర్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురు మాలిని లాంటి పిల్లలకు చదువు చెప్పడానికి స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. తమ బిడ్డకు చోటు లేదని తెలిసిన ఇద్దరు తల్లులు, ఊళ్ళో పిల్లలందరికీ చోటు కల్పించారు.

తెలుగునాట కూడా ఈ పని ఎక్కువగా వ్యక్తుల పట్టుదల మీదే సాగింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, కరువు పల్లెల్లో ఇళ్ళు, వైద్యంతో పాటు వినికిడి లేని పిల్లలకు, చూపులేని పిల్లలకు, మేధోవైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక బడులు నడిపింది. హైదరాబాదులో కంటి వైద్యుడు సాయిబాబా గౌడ్ దేవనార్ అంధుల పాఠశాలను నెలకొల్పారు. టీచర్ల తయారీలో మాత్రం ప్రభుత్వం ఒక పెద్ద మేలు చేసింది. 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించింది. మేధోవైకల్యం ఉన్న పిల్లలను ఎలా అంచనా వేయాలి, ఎలా నేర్పాలి అన్నదానికి మన దగ్గర ఒక పద్ధతి ఏర్పడడంలో ఆ సంస్థ పాత్ర చాలా ఉంది.

దేవనార్‌లో చదివిన శ్రీకాంత్ బొల్లా కథ మీ అందరికీ తెలుసు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుతానంటే చూపులేనివారికి వీల్లేదన్న నిబంధన మీద కోర్టుకెళ్ళి గెలిచి, అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి పరిశ్రమ పెట్టారు. ఆయన విజయం మనందరికీ గర్వకారణం. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. మన బడుల్లో చాలామంది పిల్లలు పదో తరగతి పాసు కారు. కొందరు తమ పేరు రాయడం కూడా నేర్వరు. వాళ్ళకు కూడా అంతే మంచి టీచరు కావాలి. పెద్ద విజయాలు సాధించే బిడ్డను చూసి బడి గొప్పదనాన్ని కొలిస్తే, ఎక్కువ అవసరం ఉన్న బిడ్డే ముందు వెనకబడిపోతాడు.

ఒక గుండీ వెనక

టీచరు పని ఎంత సున్నితమైనదో ఒక్క ఉదాహరణ చెబుతాను. చొక్కా గుండీ పెట్టుకోవడం తీసుకోండి. మనకు అది ఒక్క పని. మేధోవైకల్యం ఉన్న పదేళ్ళ పిల్లవాడికి అది ఏడెనిమిది పనులు: రెండు అంచులూ దగ్గరికి తేవాలి, కాజా ఎక్కడుందో వేలితో వెతకాలి, గుండీని నిలువుగా తిప్పాలి, సగం దూర్చాలి, చెయ్యి మార్చుకోవాలి, అవతలి నుంచి పట్టుకోవాలి, లాగాలి. మొదట పెద్ద గుండీలు కుట్టిన గుడ్డ మీద అలవాటు చేస్తారు. ఆ తర్వాత పిల్లవాడి చొక్కా మీదే టీచరు అన్ని మెట్లూ తనే చేసి, ఆఖరి మెట్టు, అంటే లాగడం మాత్రం అతనికి వదిలేస్తుంది. గుండీ పడగానే ఆ పని తనే పూర్తి చేశానన్న సంతోషం అతనిది. అది కుదిరాక దాని ముందు మెట్టు కూడా అతనికే వదులుతుంది. ఇలా వెనక నుంచి ముందుకు, వారాల తరబడి, ఒక్కో మెట్టు దగ్గరా తన చెయ్యి తీసేస్తూ వస్తుంది. ఎప్పుడు చెయ్యి వేయాలో చాలామందికి తెలుసు. ఎప్పుడు తీసేయాలో తెలియడమే ఈ చదువు.

అన్నం కలుపుకుని ముద్ద చేసుకోవడం, బాత్‌రూముకు వెళ్ళాలని సైగ చేయడం, బస్సు నంబరు గుర్తుపట్టడం, పది రూపాయల నోటుకు చిల్లర అడగడం, ఈడొచ్చిన ఆడపిల్ల నెలసరిలో తనను తాను శుభ్రంగా చూసుకోవడం, ఎవరైనా తాకరాని చోట తాకితే వద్దని చెప్పడం: ఇవన్నీ పాఠాలే. ప్రతి బిడ్డకూ వేరే ప్రణాళిక రాయాలి, మూడు నెలలకోసారి సరిచూసుకోవాలి. ఫిట్స్ వచ్చే బిడ్డకు మందు వేళ తప్పకూడదు. కాళ్ళు బిగుసుకుపోయే బిడ్డకు ఫిజియోథెరపీ ఆపితే, కష్టపడి సాధించింది కొన్ని వారాల్లో పోతుంది. మాట రాని బిడ్డ తనకు జరిగిన అన్యాయం చెప్పుకోలేదు కాబట్టి, పనివాళ్ళను పెట్టుకునేటప్పుడు పోలీసు విచారణ చేయించడం, ఏ బిడ్డా ఒకే ఒక్క పెద్దవారితో మూసిన గదిలో ఉండకుండా చూడడం యాజమాన్యం బాధ్యత. సేవాసంస్థ కదా అని ఇందులో ఎవరికీ మినహాయింపు ఉండకూడదు.

ఇదంతా ఎంతమంది పిల్లలకు ఒక టీచరు చేయగలదు? ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్న ప్రమాణాన్ని 2021లో సుప్రీంకోర్టు కూడా ప్రస్తావించింది. బాగా ఎక్కువ సాయం కావలసిన పిల్లలుంటే పది మంది కూడా ఎక్కువే. ఆ టీచరుకు స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమానో బీఈడీనో ఉండాలి, భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంత చదివి వచ్చిన మనిషికి మన బడులు ఇస్తున్న జీతం ఎంత? మామూలు ప్రైవేటు స్కూలు ఇచ్చేంత కూడా చాలాచోట్ల ఇవ్వలేకపోతున్నాం. రెండేళ్ళు పనిచేసి, బిడ్డ మనసు తెలుసుకునే వేళకు ఆమె వెళ్ళిపోతుంది. కొత్త టీచరు వస్తే బిడ్డ మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడతాడు.

డబ్బు దారి

మన జనం దయగలవాళ్ళు. పుట్టినరోజుకు, పెళ్ళిరోజుకు, తల్లిదండ్రుల తద్దినానికి పిల్లలకు భోజనం పెడతామని ఫోన్ చేయని రోజు ఉండదు. ఆ చేతులకు దండం పెడతాను. అన్నదానం మన నేల మీద గొప్ప సంప్రదాయం. కాని నెలాఖరున బడిని కుంగదీసే ఖర్చులు వేరు: జీతాలు, వ్యాను డీజిలు, అద్దె, కరెంటు, మందులు. పెద్ద కంపెనీలు 2013 కంపెనీల చట్టం ప్రకారం తమ సగటు లాభాల్లో రెండు శాతం సామాజిక సేవకు ఖర్చు చేయాలి. అందులోంచి వచ్చే సాయం చాలావరకు గదులకు, పరికరాలకు, ఏడాది ప్రాజెక్టులకు వస్తుంది. కేంద్రం ఇచ్చే దీన్‌దయాళ్ పునరావాస పథకం గ్రాంటు తనిఖీలు, సిఫార్సులు దాటుకుని వచ్చేసరికి ఆలస్యమవుతుంది. అప్పటిదాకా జీతాలు ఆపలేం కదా.

అందుకే నా సూచన ఒకటే: ప్రతి ప్రత్యేక బడికీ జీతాల కోసం శాశ్వత నిధి ఉండాలి. అసలును ముట్టుకోకుండా వడ్డీతో ఒక్క టీచరు జీతమైనా నడవాలి. భోజనం పెట్టే దాత అదే రోజు ఒక టీచరు ఒక రోజు జీతం కూడా ఆ నిధికి ఇస్తే, కొన్నేళ్ళలో బడి కాళ్ళ కింద నేల గట్టిపడుతుంది. బదులుగా యాజమాన్యం కూడా మాట ఇవ్వాలి. లెక్కలు ఏటా ఆడిట్ చేయించి, వచ్చింది ఎంత, ఎక్కడికి పోయింది అన్నది నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. ఇంకో మాట: పళ్ళెం ముందు కూర్చున్న పిల్లవాడి ఫోటో తీసి నలుగురికీ పంపకండి. మీ బిడ్డకు మీరు ఏ గౌరవం కోరుకుంటారో, ఆ బిడ్డకు కూడా అదే ఇవ్వండి.

దయ తర్వాత హక్కు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. వాళ్ళలో నూటికి దాదాపు 45 మందికి చదవడం, రాయడం రాదు. ఇంత పెద్ద లోటును సేవాసంస్థలు పూడ్చలేవు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యను హక్కు చేసింది. పక్కనున్న మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది బిడ్డ ఇష్టానికే వదిలింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. వాటిలో పనిచేసే రిసోర్స్ టీచర్లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. వాళ్ళ ఉద్యోగాలు స్థిరపడాలి. సేవాసంస్థల బడులు, భవిత కేంద్రాలు ఒకరి పిల్లల్ని ఒకరు పంచుకుని పనిచేయాలి. మామూలు బడిలో నెగ్గుకు రాగల బిడ్డను అక్కడికి పంపడం ప్రత్యేక బడికి గెలుపే.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు. ఆరేళ్ళ లోపే బిడ్డను నిపుణులకు చూపించండి; లోపాన్ని త్వరగా గుర్తించి మొదలుపెట్టిన శిక్షణే ఎక్కువ ఫలిస్తుంది. వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు వెంటనే తీయించండి. పింఛను దగ్గర నుంచి స్కాలర్‌షిప్ దాకా అన్నిటికీ అవే ఆధారం. "మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?" అని మీలో ప్రతి ఒక్కరూ అడుగుతారు. 1999 జాతీయ ట్రస్టు చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 18 ఏళ్ళు నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. జిల్లా కలెక్టరు ఉన్న స్థానిక కమిటీ ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ చట్టం కిందే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. ఈ కాగితాల పని రేపటికి వాయిదా వేయకండి. బడులు కూడా పద్దెనిమిదేళ్ళు నిండాయని బిడ్డను ఇంటికి పంపి చేతులు దులుపుకోకూడదు. విస్తళ్ళు కుట్టడమో, ఫైళ్ళు చేయడమో, మొక్కలు పెంచడమో, చేతనైన పని నేర్పి, వాళ్ళు చేసినవి కొనేవాళ్ళను కూడా వెతికిపెట్టాలి.

మాస్టారి పేరు ఈ భవనం మీద ఉంది, సంతోషం. ఆయన పేరిట ఒక టీచరు జీతానికి శాశ్వత నిధి కూడా ఈ ఏడాదే మొదలవ్వాలని ట్రస్టును కోరుతున్నాను. నా వంతు చందా ఈ సభలోనే అందజేస్తున్నాను. మీలో ప్రతి ఒక్కరూ, ఎంత చిన్న మొత్తమైనా సరే, నెలనెలా ఇవ్వండి. ఒక్కసారి ఇచ్చే పెద్ద విరాళం కంటే ఆగకుండా వచ్చే చిన్న మొత్తమే టీచరును నిలుపుతుంది. టీచరు నిలిస్తే పిల్లలు నేర్చుకుంటారు.