బరిలో మన పిల్లలు

2023 ఆగస్టులో సింగపూర్‌లో మ్యాక్స్ హాలోవే చేతిలో ఓడి, దక్షిణ కొరియా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడు జంగ్ చాన్ సంగ్ గ్లవ్స్ విప్పేశాడు. అభిమానులు ‘కొరియన్ జాంబీ’ అని పిలుచుకున్న వీరుడాయన. ఆయన వెళ్లిపోయినా బరి బోసిపోలేదు. అప్పటికే, అదే ఏడాది ఫిబ్రవరిలో పార్క్ హ్యున్ సంగ్, లీ జోంగ్ యోంగ్ ‘రోడ్ టు యూఎఫ్‌సీ’ టోర్నీ గెలిచి, ఈ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థతో కాంట్రాక్టులు అందుకున్నారు. అక్కడి కుర్రాళ్లు దాదాపు ఏడాదిన్నర సైన్యంలో పనిచేయాల్సిందే. ఆటకు అది పెద్ద అడ్డంకి. అయినా పసితనం నుంచే తైక్వాండో, జూడో అందుబాటులో ఉండటంతో కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. కొరియాకు మంచి రోజులు ముందున్నాయనే నా నమ్మకం.

అడ్డంకులు దాటి బరిలో నిలిచేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌ను చూడండి. తొలి శిక్షకుడు తండ్రే. 2011లో జూనియర్ ప్రపంచ టైటిల్, తర్వాత భుజం గాయం, ఆపరేషన్, నెలల తరబడి విరామం. 2022లో ఇస్తాంబుల్ ఫైనల్లో థాయ్ బాక్సర్‌ను 5-0తో ఓడించి 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేతైంది. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ గెలిచింది.

మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే మన గుంటూరు, ప్రకాశం అమ్మాయిల్లోనూ నిఖత్‌ను నిలబెట్టిన ఓర్పు ఉంది. కబడ్డీ కూతలో చూస్తూనే ఉన్నాం. వాళ్లకు కావాల్సింది బడి దగ్గర ఒక మ్యాట్, సాయంత్రం తప్పకుండా వచ్చే కోచ్.