వీరస్మారక శిల — మన కర్తవ్యము



కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల నుండి సైన్యమునకేగి ప్రాణము లర్పించిన వారి స్మారకమెట్లుండవలెనో ఈ మహాసభకు విన్నవింప నుద్దేశించితిమి. ఇది కులసభలో ప్రసంగింపదగిన విషయమేనా యని కొందరికి సందేహము కలుగవచ్చును. తప్పక ప్రసంగింపదగినదే యని మా నమ్మకము.

సైనికవృత్తి తెలుగువానికి క్రొత్త కాదు. 18వ శతాబ్దమున విదేశీయ కంపెనీల కొలువున జేరిన సిపాయిలలో తెలుగువారు పెక్కురుండుటచే, ఉత్తర హిందూస్థానమున సిపాయికి ‘తిలంగా’ యను పేరే వాడుకయయ్యెను. 19వ శతాబ్దాంతమున ఆంగ్ల ప్రభుత్వము కొన్ని జాతులును, కొన్ని కులములును మాత్రమే యుద్ధమునకు తగినవని నిర్ణయించి, తెలుగువారిని చేర్చుకొనుట తగ్గించెను. పుట్టుకను బట్టి శౌర్యమును కొలుచు ఆ కొలబద్ద ఎంత తప్పో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము చాటినది. రెండు ప్రపంచయుద్ధములకును ఆ గ్రామము నుండి ఎందరో తరలుటచే దానికి ‘మిలిటరీ మాధవరము’ అను పేరు స్థిరపడినది.

మన జిల్లాలు ఆ కాలమున నిజాము రాజ్యములోనివి. ఆ రాజ్యపు అశ్వికదళము మొదటి ప్రపంచయుద్ధమున ఈజిప్టునకేగి సూయజు కాలువను గాచినది. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణముపై దాడిని జోధపురము, మైసూరు దళములు నడపెను. అయినను 1922లో ఢిల్లీయందు నిలిపిన మూడు కంచు విగ్రహములలో నొకటి హైదరాబాదు దళమునకు జెందినది. అదియే తీన్‌మూర్తి. దాడి చేసినవానికే గాక కాపలా గాచినవానికిని స్మారకమున చోటు గలదని దీనివలన గ్రహింపదగును.

విగ్రహము దళమును జూపును. కాని తల్లి వెదకునది బిడ్డ పేరు. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీయందు ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకమున వలయాకారపు గోడలపై ఒక్కొక్క వీరునకు ఒక్కొక్క శిలాఫలకము గలదు. అందు పేరు, హోదా, దళము చెక్కబడినవి, కులము చెక్కబడలేదు. 2020 జూన్ 15న గల్వాను లోయయందు అసువులు బాసిన ఇరువదిమందిలో కర్నల్ సంతోష్‌బాబు మన తెలంగాణమువారు. ఏడాది తిరుగునప్పటికే సూర్యాపేట కూడలియందు వారి విగ్రహము నిలిచినది. పెద్ద పేరు గలవారిని ఊరు మరువదు. మారుమూల పల్లెనుండి వెడలిన సామాన్య జవానును ఎవరు తలంతురు?

కావున మూడు మనవులు. మొదటిది: 2016లో మన రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. ఏ జిల్లాకు ఆ జిల్లా లెక్క చూచుకొన్నచో కొన్ని పేరులు నడుమ జారిపోవును. మన సంఘ శాఖలు గ్రామగ్రామము తిరిగి, సైనిక సంక్షేమ కార్యాలయముల తోడ్పాటుతో పట్టికను సిద్ధపరుపవలెను.

రెండవది: ఆ పట్టిక మనవారిది మాత్రమే కారాదు. ఒకే వంటశాలలో కుడిచి, ఒకే గోతిలో కావలియున్నవారిని శిలపై వేరుచేయు అధికారము మనకు లేదు. మన సంఘధనము మనవారికే యనువారికి మా ప్రత్యుత్తర మిది: ఆ జవాను సరిహద్దును మన ఇండ్లకు మాత్రమే గాచెనా?

మూడవది పోషకులకు. దాత పేరు పెద్ద అక్షరములతోను, మృతుని పేరు చిన్న అక్షరములతోను ఉన్న ఫలకములను మనమందరము చూచినవారమే. మీ పేరులు శిలకు వెనుకవైపున నుండనిండు. ప్రారంభోత్సవమున ముందు వరుస ఆసనములు ఆ కుటుంబములకు వదలుడు. వారి పింఛను కాగితములేవైన నిలిచియున్నచో, శిలకంటె ముందు వానిని కదలింపుడు.

శిలకు మనకు కొఱత లేదు. కరీంనగరపు గ్రానైటు ఓడలెక్కి పరదేశముల భవనములకు శోభ గూర్చుచున్నది. అందొక్క బండ ఇంటనే నిలిచి, ఇంటికి మరలి రాని బిడ్డల పేరులను మోయుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.