రక్తపుబొట్టును గూర్చిన వ్యాసములు

ఒక శాస్త్రజ్ఞునికి సన్మానము జరుగునపుడు సభాధ్యక్షులు ఆయన ప్రకటించిన పరిశోధన వ్యాసముల సంఖ్యను తప్పక చదువుదురు. నూరనిన సభ తలయూపును. మున్నూరనిన చప్పట్లు చరచును. ఆ వ్యాసములలో ఏమున్నదని అడుగువారు అరుదు. రక్తమునందలి సూక్ష్మపదార్థములను తూచి లెక్కించు పరిశోధకుల విషయమున మాత్రము మనమీ ప్రశ్నను అడిగి తీరవలెను. ఏలయన, మన యింట పుట్టిన పసిపాప మడమ నుండి తీసిన రక్తపుబొట్టుకు అర్థము చెప్పునవి ఆ వ్యాసములే.

మొదట మనవారితో ప్రారంభింతము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్క్ గారితో కలిసి 1925లో ఒక వ్యాసము ప్రకటించిరి. అది ఏ రోగమునకును మందు చెప్పలేదు. శరీరద్రవములలో భాస్వరము ఎంత యున్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని మాత్రమే చెప్పెను. దేశదేశముల ప్రయోగశాలలవారు దశాబ్దముల తరబడి ఆ పద్ధతిని అనుసరించిరి. ఆ కొలత చేతనుండుట వలననే వారిరువురు 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిను స్వరూపమును, 1929లో జీవకణములకు శక్తి నందించు ఏ.టి.పి.ని వెల్లడింపగలిగిరి. అదే 1929లో జర్మనీలో లోమన్ గారు వేరుగా పనిచేసి ఆ ఏ.టి.పి.నే కనుగొనిరి. రెండు దేశములలో రెండు చేతులు తూచినను తూనిక ఒక్కటే అయినపుడు ఆ మాటను నమ్మవచ్చును.

సుబ్బారావుగారి కాలమున ఒక్కొక్క పదార్థమును ఒక్కొక్క పద్ధతిచే కొలుచుచుండిరి. శరీరము తిన్న ఆహారమును విడగొట్టుచు, మరల కూర్చుచు నుండగా పుట్టు చక్కెరలు, ఎమైనో ఆమ్లములు, కొవ్వు ఆమ్లములు మున్నగు చిన్న పదార్థములు వేలకొలది కలవు. వానిలో వీలైనన్నింటిని ఒక్కమారుగా లెక్కించు విద్యకు నేడు మెటబాలమిక్స్ అని పేరు. దానికి ముఖ్యసాధనము మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము.

కళ్ళమున ధాన్యము తూర్పారబట్టుట చూచినవారికి దీని కీలకము సులభముగా బోధపడును. తాలు గాలికి దూరముగా పోయి పడును. గట్టిగింజ దగ్గరనే పడును. ఈ యంత్రమునందు అణువులకు విద్యుదావేశము కలిగించి, శూన్యములో నడిపించి, విద్యుద్బలముచేతనో అయస్కాంతబలముచేతనో బరువును బట్టి వేరుచేయుదురు. ఇట్టి త్రాసులు రెంటిని వరుసగా నిలిపినచో అది టాండెం యంత్రమగును. మొదటిది కావలసిన అణువును ఎన్నుకొనును. నడుమ దానిని వాయువుతో ఢీకొట్టించి పగులగొట్టుదురు. రెండవది ఆ ముక్కను తూచును. ఫినైల్‌ఎలనిన్ అను ఎమైనో ఆమ్లము మొదటి త్రాసులో 166గా తూగి, 46 పోగొట్టుకొని, రెండవదానిలో 120గా తూగును.

ఆ పదార్థమునే ఉదాహరణముగా తీసికొనుటకు కారణము కలదు. కొందరు శిశువులకు ఫినైల్‌ఎలనిన్‌ను మార్చవలసిన ఎంజైము పుట్టుకతోనే కొరవడియుండును. అపుడది రక్తములో పేరుకొని మెదడును చెరచును. తొలి వారములలోనే తగిన ఆహారనియమము మొదలిడినచో బిడ్డ అందరివలె ఎదుగును. ఆలస్యమైనచో జరిగిన హాని తిరిగి పూడదు. అమెరికాలో రాబర్ట్ గత్రీ అను పరిశోధకుల దగ్గరి బంధువుల బిడ్డకు ఈ వ్యాధి యున్నట్లు ఏడాది నిండిన పిదప గాని తెలియలేదు. శిశువు మడమ రక్తమును అద్దుడు కాగితముపై ఒక చుక్క పట్టి, దానిచుట్టు సూక్ష్మజీవులు పెరుగుటను బట్టి వ్యాధిని పసిగట్టు పద్ధతిని గత్రీగారు 1963లో ప్రకటించిరి. ఆ కాగితపు చుక్క నేటికిని వాడుకలో నున్నది.

కాని ఆ పరీక్ష ఒకటి ఒక వ్యాధినే చెప్పగలదు. 1990లో డ్యూక్ విశ్వవిద్యాలయమునందలి డేవిడ్ మిల్లింగ్టన్ గారును, వారి సహచరులును టాండెం యంత్రముతో రక్తములోని ఎసైల్‌కార్నిటిను లనెడి పదార్థముల నన్నింటిని ఒక్కమారు కొలిచి, పెక్కు జన్మసిద్ధ దోషములను పట్టవచ్చునని ఒక వ్యాసమున చూపిరి. 1993లో వారి బృందమే ఎండిన రక్తపుచుక్కలో ఫినైల్‌ఎలనిన్, టైరొసీన్ అను రెంటిని కలిపి కొలుచు విధమును ప్రకటించెను. 1997లో ఉత్తర కరొలైనా రాష్ట్రము నవజాత శిశువుల కీ పరీక్షను ప్రారంభించెను. 2005 వరకు ఎనిమిదేండ్లలో 9,44,078 మంది శిశువులను పరీక్షింపగా 219 మందికి వ్యాధి ధ్రువపడెను.

ఇట్లు పట్టుబడు వ్యాధులలో ఒకటి కొవ్వును దహించు ఎంజైము లోపము. అట్టి బిడ్డ జ్వరము వచ్చి పాలు త్రాగక పస్తుండినచో రక్తములోని చక్కెర పడిపోయి హఠాత్తుగా ప్రాణమే పోవచ్చును. చికిత్స చూడగా మిక్కిలి సామాన్యము. బిడ్డను ఎక్కువసేపు పస్తుంచరాదు. ఆహారము నిలువనపుడు ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కింపవలెను. తల్లికి ముందు తెలిసియుండుటలోనే అంతయు నున్నది.

అన్ని వ్యాసములకు ఈ భాగ్యము పట్టదు. 2009లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక వ్యాసమున 262 నమూనాలలో 1,126 పదార్థములను పరిశీలించి, ప్రొస్టేటు గ్రంథి క్యాన్సరు ముదురుటకు సార్కొసీన్ అను పదార్థముతో సంబంధమున్నదని వ్రాసిరి. మూత్రపరీక్షతోనే వ్యాధి తెలియునని పలువురు ఆశపడిరి. 2010లో జర్మనీ శాస్త్రజ్ఞులు మూత్రమున దానిని కొలిచిచూడగా, అది వ్యాధిగ్రస్తులను తక్కినవారి నుండి వేరుపరుపలేకపోయెను.

మొదటివారు అసత్యమాడిరని మేమనుట లేదు. చిక్కు ఈ విద్యలోనే యున్నది. ఇరువదింట ఒక పొరపాటునకు తావిచ్చు కొలమానముతో వేయి పదార్థములను పరిశీలించినచో, వ్యాధితో దేనికిని సంబంధము లేకున్నను, సుమారు ఏబది పదార్థములు కాకతాళీయముగా సంబంధమున్నట్లు కనబడును. మరియు తీసిన రక్తమును బల్లపై నూరక ఉంచినచో అందలి కణములు చక్కెరను తినివేయుచుండును. అపుడు యంత్రము చెప్పునది రోగి సంగతి కాదు, పరిచారకుని ఆలస్యము సంగతి. ల్యూసీన్, ఐసోల్యూసీన్ అనువానికి బరువు ఒక్కటే యగుటచే త్రాసుమాత్రమే చాలదు. అందుచేతనే 2007లో ఈ శాస్త్రజ్ఞులు, పదార్థము నెంత నిశ్చయముగా గుర్తించితిరో నాలుగు తరగతులలో ఏదియో చెప్పవలెనని తమకు తామే నియమము పెట్టుకొనిరి.

మన యిండ్లలో తరచుగ వినబడు మధుమేహము సంగతి చూతము. 2011లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన వ్యాసమున, అమెరికాలోని ఫ్రామింగ్‌హాం అధ్యయనమునకు చెందిన 2,422 మందిని పండ్రెండేండ్లు కనిపెట్టియుండగా 201 మందికి మధుమేహము వచ్చినట్లు వ్రాసిరి. వ్యాధి వచ్చినవారి పాత రక్తనమూనాలలో ల్యూసీన్, ఐసోల్యూసీన్, వాలీన్, టైరొసీన్, ఫినైల్‌ఎలనిన్ అను ఐదును ముందుగనే హెచ్చుగా నుండెను. వ్యాసకర్తలు అంతటితో నిలువక, స్వీడనులోని మాల్మో నగరవాసుల నమూనాలలోను కొలిచి, అచటను అట్లే యున్నదని చూచిన పిమ్మటనే ప్రకటించిరి. ఇది మెచ్చదగిన నడవడి. అయినను, ఒకటి హెచ్చుగా నుండుట వేరు, అదియే వ్యాధికి కారణమగుట వేరు. పప్పు మానివేయుడని దీని యర్థము కాదు. మధుమేహ నిర్ణయమునకు నేటికిని గ్లూకోజు, హెచ్.బి.ఏ.1సి. పరీక్షలే ఆధారము.

కాబట్టి ఒక పరిశోధకుని వ్యాసముల పట్టిక చూచునపుడు మూడు సంగతులు విచారింపవలెనని మా మనవి. కొలిచిన విధమును ఇతరులు మరల చేయగలుగునట్లు వ్రాసినారా? వేరొక దేశమున, వేరొకరు, వేరు మనుష్యులలో కొలిచినను అట్లే వచ్చినదా? దానివలన రోగికి చేయు చికిత్సలో ఏమైన మారినదా? ఈ మూటికిని ఔనని చెప్పగల వ్యాసములు ఎంత గొప్పవారి పట్టికలోనైనను కొన్నియే యుండును. ఆ కొన్నింటి కొరకే తక్కిన శ్రమయంతయు.

ఒక్క రక్తపుబొట్టుతో సకల రోగములు చెప్పెదమను ప్రకటన మీ కంటబడినచో ఈ మూడు ప్రశ్నలను జ్ఞాపకముంచుకొనుడు. ఇంట బిడ్డ పుట్టినపుడు, మడమ నుండి చుక్క రక్తము తీసి పరీక్షింపవచ్చునని వైద్యులు చెప్పినచో, పసికందును ఏల పొడుచుటయని వెనుదీయకుడు. ఏ యే వ్యాధులకు చూచెదరో, ఫలితము ఎప్పుడు వచ్చునో అడిగి తెలిసికొనుడు. చుక్కలో దోషము కనబడినంతనే బెంగపడక, రెండవ పరీక్షతో నిర్ధారణ చేయించుకొనుడు. శాస్త్రజ్ఞులు తమ వ్యాసములకు పెట్టుకొన్న నియమమే అదియును.