కర్ర పట్టడం, కర్ర ఆపడం

(గుండుగొలను చదువుల కేంద్రంలో ఒక డ్రిల్లు మాస్టారు చెప్పిన మాటలు)



పోయిన వారం ఇక్కడే ఒక అమ్మ నన్నో మాట అడిగింది. "మాస్టారూ, మా పిల్లకి బళ్ళో కరాటే నేర్పుతారంట. పంపించమంటారా, మానిపించమంటారా? రేపు అత్తారింట్లో చెయ్యెత్తితే మాకు మాటొస్తుంది" అంది. పక్కనున్న ఆయన కొడుకు సంగతి ఎత్తాడు. "వాడికసలే దుడుకు. కర్రసాము కూడా నేర్పితే ఇంక ఊరి మీద పడతాడు" అన్నాడు. ఆ రోజు పొద్దుపోయింది. జవాబు ఇవాళ చెప్తాను.

ముందు గోదావరి దాటి అమలాపురం వెళ్దాం. అక్కడ దసరాకి చెడీ తాలింఖానా చేస్తారు. తాలీం అంటే నేర్పడం. ఖానా అంటే చోటు. కర్రసాము, కత్తిసాము నేర్పే చోటన్న మాట. అమలాపురంలో ఇది మొదలై 150 ఏళ్ళు దాటిందని చెబుతారు. కొంకాపల్లి, మహిపాల వీధి లాంటి వీధుల వాళ్ళు వాహనాలతో ఊరేగుతారు. ముందు కుర్రాళ్ళు, పెద్దలు కర్రలు, కత్తులు తిప్పుతూ నడుస్తారు.

అందులో ఒకటి చెప్తాను, వినండి. ఒక మనిషి నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అతని ఒంటి మీద కూరగాయ పెడతారు. కత్తి పట్టినవాడి కళ్ళకి గుడ్డ కడతారు. చూసేవాళ్ళు ఊపిరి బిగబడతారు. కత్తి దిగుతుంది. కాయ రెండు ముక్కలవుతుంది. కిందున్న మనిషికి గీత కూడా పడదు.

ఇందులో నేర్పు ఎక్కడుంది? కాయ కొయ్యడం మీ ఇంట్లో చిన్నపిల్లకీ వచ్చు. కాయ తెగిన చోటే కత్తి ఆగింది చూశారా, నేర్పంతా అక్కడుంది. ఆ ఆపడం కోసమే రోజూ సాధన చేస్తారు.

మరి కింద పడుకున్నవాడి సంగతో? తాగొచ్చినవాడి కత్తి కింద మీరు పడుకుంటారా? పొద్దున గట్టు తగాదా పెట్టుకుని, ఇంకా పళ్ళు కొరుకుతున్నవాడి కింద? నేనైతే పడుకోను. అంచేత కత్తి పట్టేవాడు పండగ నాడు ఒక్కరోజు బాగుంటే సరిపోదు. ఏడాది పొడుగునా అతని నడత పక్కవాళ్ళు చూస్తూనే ఉంటారు.

కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. వీరఘట్టంలో పుట్టాడు. 1942లో పోయాడు. గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నవాడు. కలియుగ భీముడన్నారు. ఆయన కూడా విజయనగరంలో పిల్లలకి డ్రిల్లు నేర్పిన మాస్టారే. చెప్పుకోవడానికి మాకదో గొప్ప!

అయితే సాము నేర్చినవాళ్ళంతా మంచివాళ్ళవుతారని నేను చెప్పను. నా తప్పు ఒకటి చెప్తాను. వెనక ఒక కుర్రాడికి కర్రసాము నేర్పాను. చురుకైనవాడు. చకచకా దెబ్బలన్నీ నేర్పేశాను. నాకూ సరదాగానే ఉండేది. ఒకరోజు చేపల చెరువు గట్టు మీద మాటా మాటా పెరిగింది. వాడు ఎదుటి మనిషి చెయ్యి విరగ్గొట్టాడు. పలకరిద్దామని ఆ మనిషి ఇంటికెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను కూర్చోమనలేదు. "మీరే నేర్పారంట గదా బాబూ" అంది. అంతే అంది. నాకు నోట మాట రాలేదు.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. మొదటి నెల కర్ర ఇవ్వను. నేల ఊడవాలి, నీళ్ళు చల్లాలి, కదలకుండా నిలబడాలి. తర్వాత కాసుకోవడం. దెబ్బ వెయ్యడం ఆఖరిది. అదీ ఎదుటివాడి ఒంటికి జానెడు దూరంలో ఆగాలి. తగిలిందా, ఆ వారం కర్ర ముట్టనివ్వను. విసుగొచ్చి కొందరు మానేశారు. మానెయ్యనీ.

ఇక ఆడపిల్లల సంగతి. కరాటే ఒకినావా దీవుల్లో పుట్టింది. ఆ మాటకి జపాను భాషలో ఉత్త చెయ్యి అని అర్థం. మొదలుపెట్టే ముందు, అయ్యాక, ఎదుటివాళ్ళకి వంగి దణ్ణం పెట్టాలి. ప్రభుత్వ బడుల్లో రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పే పథకం ఉంది. 3 నెలలు నేర్పుతారు. గట్టిగా కేక పెట్టడం కూడా అందులో ఒక పాఠం. నవ్వకండి. "ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడు" అని పెంచాం గదా. చాలామందికి ఆ కేకే రాదు.

అమ్మా, మీ పిల్ల అత్తారింట్లో తనంతట తాను ఎవరినీ కొట్టదు. ఎవరైనా తన మీద చెయ్యెత్తితే మాత్రం కాసుకుంటుంది. అది తప్పంటే నేను ఒప్పుకోను.

అయితే పంపే ముందు ఒకసారి మీరే వెళ్ళి చూడండి. నేర్పేవాడు పిల్లల్ని ఎలా పిలుస్తున్నాడు? దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి వెంటనే వస్తున్నాడా? కూర్చుని చూడనిస్తున్నాడా? చూడనివ్వకపోతే పిల్లని ఇంటికి తెచ్చుకోండి.

కొడుకు సంగతి అడిగిన అన్నగారూ, మీవాణ్ణి ఆదివారం తీసుకురండి. కర్ర తేవద్దు. చీపురు తెమ్మనండి.