సంతకం పెట్టే ముందు లెక్క చదువుదాం

(రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్లకు మార్కాపురంలో జరిగిన శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మార్కాపురం పలకల మీద ఎన్నో ఊళ్ల పిల్లలు కూడికలు, తీసివేతలు నేర్చుకున్నారు. ఆ పలకలు చేసిన గడ్డ మీద ఉన్న మనం మాత్రం మన లెక్క ఇంకొకరి చేతిలో పెట్టాం. పురుగుమందుల లెక్క కొట్టాయన రాస్తాడు. బాకీ లెక్క అప్పిచ్చినాయన రాస్తాడు. ఇప్పుడు మన పేరున పెట్టుకున్న కంపెనీ లెక్క అకౌంటెంటు రాస్తున్నాడు. మనం సంతకం పెడుతున్నాం.

మా సంగతే చెబుతాం. పదో తరగతి చదువుతో డైరెక్టర్లమయ్యాం. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాం. రిజిస్ట్రారుకు పంపాల్సిన రెండు ఫారాలు పంపలేదని ఏడాది గడిచాక తెలిసింది. ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. రెండింటికీ ఏడాదికి 73,000. అది సభ్యుల వాటా సొమ్ము. వరసగా మూడేళ్లు లెక్కలు పంపకపోతే ఐదేళ్లపాటు డైరెక్టరు పదవికి అనర్హులం. ఆ వేటు పడేది అకౌంటెంటు మీద కాదు, మన మీద.

రైతులు కంపెనీ పెట్టుకునే చట్టం 2002లో వచ్చింది. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఇది మంచి మాట. 2020లో కేంద్రం 10,000 సంఘాలు పెట్టిస్తామని పథకం తెచ్చింది. సంఘానికి మూడేళ్లలో నిర్వహణ ఖర్చుకు 18 లక్షల దాకా సాయం. మూడేళ్ల తర్వాత? అప్పుడు నిలబెట్టేది మన లెక్కే.

ఒక ఉదాహరణ చూద్దాం. కంపెనీ సభ్యుల దగ్గర 100 క్వింటాళ్ల కందులు 7,000 చొప్పున కొన్నది. 7 లక్షలు. మిల్లుకు 7,400 చొప్పున అమ్మింది. 40,000 లాభం వచ్చిందని అందరం చప్పట్లు కొడతాం. కానీ మిల్లు రెండు నెలల తర్వాత డబ్బిస్తుంది. రైతుకు ఇవ్వడానికి మనం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. రెండు నెలలకు వడ్డీ 28,000. హమాలీ, గోతాలు, లారీ బాడుగ కలిపి 15,000. మొత్తం 43,000. 40,000 లాభం కాస్తా 3,000 నష్టమైంది. మిల్లు ఇంకో నెల ఆపితే ఇంకో 14,000. పెద్ద కంపెనీల వాళ్లు దీన్నే వర్కింగ్ క్యాపిటల్ అంటారు. పేరు కొత్త, బాధ మనకు పాతదే.

అందుకే లాభనష్టాల ఖాతా ఒక్కటే చూస్తే చాలదు. ఆస్తి అప్పుల పట్టికలో 'రావలసిన బాకీలు' ఎంత, ఎవరి నుంచి, ఎన్నాళ్లుగా అని అడగాలి. బ్యాంకులో ఉందని రాసిన డబ్బు పాసుబుక్కులో ఉందా అని చూడాలి. ఇది అనుమానం కాదు, పద్ధతి. మన హైదరాబాదు సత్యం కంపెనీ లెక్కల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న దాని ఛైర్మనే ఒప్పుకున్నారు. ఆడిటర్లు సంతకాలు పెట్టిన లెక్కలే అవి. అంత చదువుకున్నవాళ్లే మోసపోయారు. మనం పాసుబుక్కు అడగడానికి మొహమాటపడితే ఎలా?

ఈ చదువు కంపెనీకే కాదు, పొలానికీ కావాలి. ఏ వ్యాపారైనా తన సొంత పెట్టుబడికి వడ్డీ, తన సొంత కొట్టుకు అద్దె లెక్కేసుకుంటాడు. మద్దతు ధర దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వం చేతి ఖర్చు, ఇంటిల్లిపాది కష్టం వరకే లెక్కేసి దాని మీద సగం కలుపుతుంది. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కలిస్తేనే అది సీ2. ఖర్చు మీద కనీసం 50 శాతం కలపాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది. ఆ ఖర్చు సీ2 కావాలని మనం అడుగుతున్నాం. మన దగ్గర రాసిన లెక్క ఉంటే ఆ అడుగుడుకు బలం వస్తుంది.

లెక్క నేర్చినంత మాత్రాన వెలిగొండ నీళ్లు రావు, ధర పెరగదు. పోరాటం పోరాటమే. కానీ లెక్క రాని పోరాటం అధికారి బల్ల ముందు తేలిపోతుంది.

చేయాల్సింది మూడే. సర్వసభ్య సమావేశానికి 14 రోజుల ముందే ఆడిట్ అయిన లెక్కలు చేతికి రావాలని చట్టంలో ఉంది, అడిగి తీసుకుందాం. ప్రతి నెలా పాసుబుక్కు, బాకీల జాబితా, గోడౌను సరుకు మూడూ పక్కపక్కన పెట్టి తెలుగులో చదివించుకుందాం. పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి పుస్తకాలు రాస్తున్న మన ఆడబిడ్డలను డైరెక్టర్లుగా కూర్చోబెడదాం. వాళ్లు రూపాయి తేడా వచ్చినా లేవనివ్వరు.

అర్థం కాని కాగితం మీద ఇక సంతకం పెట్టవద్దు. "చదివి చెప్పండి, తర్వాత పెడతాం" అందాం. అలా అనడంలో సిగ్గు లేదు.