44వ అంకె



ఆటగాని చొక్కాపై అంకె, ప్రేక్షకులు అతనిని దూరమునుండి గుర్తించుటకై ఏర్పడినది. అమెరికా కళాశాలలలో అదియే గౌరవచిహ్నమైనది. కొన్నిచోట్ల మహాక్రీడాకారుని అంకెను పిదప ఎవరికిని ఇయ్యరు. కొన్నిచోట్ల తగినవానికి అప్పగింతురు.

న్యూయార్కు రాష్ట్రమందలి సిరక్యూజ్ విశ్వవిద్యాలయము చిరకాలము రెండవ పద్ధతినే అవలంబించినది. అచ్చటి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 1954 నుండి 1956 వరకు జిమ్ బ్రౌన్ 44వ అంకెను ధరించెను. తరువాత దానిని ధరించిన ఎర్నీ డేవిస్, దేశమందలి ఉత్తమ కళాశాల ఆటగానికిచ్చు హైస్మన్ బహుమానమును 1961లో పొందెను. దానిని పొందిన తొలి నల్లజాతీయుడు అతడే.

వృత్తిక్రీడలో ఒక్క పోటీయైనను ఆడకయే, 1963లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున డేవిస్ రక్తక్యాన్సరుతో మరణించెను. అతనిని చేర్చుకొనిన క్లీవ్‌లాండ్ జట్టు, అతనికి కేటాయించిన 45వ అంకెను మరెవరికిని ఇయ్యరాదని నిశ్చయించెను. సిరక్యూజ్‌లోని 44 మాత్రము, డేవిస్ స్వయముగా ఆ విద్యాలయమునకు ఆహ్వానించిన ఫ్లాయిడ్ లిటిల్‌కు సంక్రమించెను.

2005లో విశ్వవిద్యాలయము ఆ అంకెను ఇక ఎవరికిని ఇయ్యరాదని నిర్ణయించెను. ఆ గౌరవము ఉచితమే. కాని బ్రౌన్ నిష్క్రమించిననాడే దానిని దాచియుండినచో, డేవిస్‌కు అది లభించియుండెడిది కాదు. పెద్దల కీర్తిని భద్రపరచుట యెంత అవసరమో, దానిని మోయగల పిన్నలకు అందించుటయు అంత అవసరము.