తొమ్మిదో ప్రశ్న



జ్వరానికి థర్మామీటరు ఉంది. మరి మనసు కుంగిపోతే దేనితో కొలుస్తారు? డిప్రెషన్‌ను తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా మనిషి నీరసపడి దిగులుగా ఉండవచ్చు కనుక, అవి ఉన్నాయేమో చూడటానికి రక్తం తీస్తారు. అసలు పరీక్ష మాటల్లోనే జరుగుతుంది.

దీనికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి పేరు పి.హెచ్.క్యు.-9. గడచిన రెండు వారాల్లో దిగులు, నిద్ర, ఆకలి, నీరసం, పనిమీద ఆసక్తి ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు అడుగుతారు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. సాధారణంగా 10 గాని, అంతకంటే ఎక్కువ గాని వస్తే ఇంకా లోతుగా విచారించాలి. అంతేగాని, మార్కులు చూసి జబ్బు ఖాయమనుకోకూడదు. వైద్యులు మాట్లాడి నిర్ణయిస్తారు. చికిత్స మొదలయ్యాక మళ్లీ ఇవే ప్రశ్నలు అడిగి, గుణం కనిపిస్తోందా అని చూస్తారు.

మా బళ్లారిలో చాలామందికి ఇంట్లో తెలుగు, బయట కన్నడం. మా మేనత్తకు కన్నడం సంతలో బేరమాడేంత వరకే వచ్చు. ఆస్పత్రిలో ఆవిడకు దుబాసీని నేనే. "గుండె బరువుగా ఉందిరా" అంటే "ఎదె నోవు" అని చెప్పాను. ఇ.సి.జి. తీశారు. అందులో ఏమీ లేదు. తర్వాత మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు.

ఆమె ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతూ వచ్చారు. తొమ్మిదోది, చనిపోతే బాగుండునని అనిపిస్తోందా అని. పెద్దావిడను ఆ మాట ఎలా అడగను? అడగకుండానే "ఇల్ల" అనేశాను. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, వచ్చీరాని తెలుగులో అత్తనే అడిగారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రోజూ అనిపిస్తుందమ్మా" అంది.

పాతికేళ్లుగా పిల్లలకు రెండు భాషలు నేర్పుతున్నవాణ్ని. ఆ రోజు ఒక్క ప్రశ్న తెలుగులో అడగలేకపోయాను. అత్త ఇప్పుడు కోలుకుంది. నా తప్పు మాత్రం నేను మరచిపోలేదు.

అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని వైద్యులు చెబుతున్నారు. కనుక మీవాళ్లకు దుబాసీగా వెళితే, అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు చేరవేయండి. తెలుగులో అడగమని డాక్టరును కోరడానికి మొహమాటపడకండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడతారు.